నూతిలో వేసే బ్లీచింగు: పొడి కంటే ముందు కొలిచే పెట్టె కొనండి

దక్షిణ ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ వైపు తెలుగు వీధుల్లో కొళాయి వచ్చిన ఇళ్లలో కూడా చాలామంది నుయ్యి పూడ్చుకోలేదు. కొళాయి రాని పూట అదే దిక్కు. నాలుగు వానలు పడి నూతి నీళ్లు మట్టిరంగుకి తిరగ్గానే బ్లీచింగ్ పౌడరు కోసం కిరాణా కొట్టుకో, పైపులూ సిమెంటూ అమ్మే షాపుకో పరిగెడతారు. ఎంత వెయ్యాలో, వేసింది పనిచేసిందో లేదో చెప్పే సరుకు మాత్రం ఎవరి సంచిలోనూ ఉండదు. అందుకే ఇక్కడ పొడినీ, దాన్ని కొలిచే సామానునీ కలిపి చూస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: నాలుగిళ్లవాళ్లు తలా కొంత వేసుకునైనా సరే కొలత పెట్టె ముందు కొనాలి, పొడి ఆ తర్వాత.

లూజు పొడి సంగతి. తాజా బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు, అంటే సుమారు 33 శాతం, క్రిముల్ని చంపే క్లోరిన్ ఉంటుంది. గాలి, వెలుతురు, చెమ్మ మూడూ దాన్ని తినేస్తాయి. 25 కిలోల బస్తా మూతి విప్పి, పైన గోనెముక్క కప్పి, వానాకాలమంతా తక్కెడ పక్కనే పెట్టి అమ్మితే అడుగుకొచ్చేసరికి మిగిలేది చాలావరకు సున్నమే. ఘాటుగా ఉంది కదా అని వాసనని నమ్మొద్దు, సగం చచ్చిన పొడి కూడా ముక్కు మండిస్తుంది. కాస్త కాగితం మీద పోసి కాగితాన్ని వాల్చి చూడండి. మంచి పొడి బియ్యప్పిండిలా జారిపోతుంది. పాడైంది తడిసిన ముగ్గులా ఉండకట్టి కాగితానికి అంటుకుపోతుంది. అలాంటి పొడి ఎంత చవగ్గా ఇచ్చినా నూతికి వద్దు.

సీలు వేసిన కిలో ప్యాకెట్టు మేలు. దాని మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 1065 అనే నంబరు, తయారీ తేదీ, ఈ మూడూ చూసుకోవాలి. మూడింటిలోనూ తేదీ ముఖ్యం. చవకని అయిదు కిలోలు కొని అటక మీద పడేస్తే అదీ లూజు పొడి బాటే పడుతుంది. విప్పిన ప్యాకెట్టుని బిగుతు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి చీకటి మూల పెట్టండి. రేకు డబ్బా అయితే తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్, కిరోసిన్, ఎరువులు ఉన్న అరలో దీన్ని పెట్టొద్దు. యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు బయటికొస్తుంది, ఊపిరాడదు.

ఇక అసలు సరుకు: ఎంత పొడి వెయ్యాలో కొలిచి చెప్పే హారాక్స్ పెట్టె. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి నీళ్లు శుద్ధి చెయ్యడానికి విలియం హారాక్స్ అనే సైనిక వైద్యుడు తయారుచేసిన పద్ధతి ఇది. మన మెడికల్ కాలేజీల్లో ఇప్పటికీ నేర్పుతున్నారు. బరంపురంలాంటి మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్లో, ల్యాబ్ సామాను అమ్మే దుకాణాల్లో పేరు చెప్పి అడగండి. పెట్టెలో 200 మిల్లీలీటర్లు పట్టే తెల్ల కప్పులు ఆరు, లోపల గుండ్రటి గీత ఉన్న నల్ల కప్పు ఒకటి, తలకొట్టి నింపితే 2 గ్రాముల పొడి పట్టే చెంచాలు రెండు, కలపడానికి గాజు పుల్లలు ఏడు, చుక్కలు వెయ్యడానికి పిపెట్టు, డ్రాపర్లు, క్లోరిన్ తగిలితే నీలంగా మారే స్టార్చ్ అయొడైడ్ ద్రావణం సీసా ఉండాలి. కొనేటప్పుడు చెంచా, పిపెట్టు ఉన్నాయో లేదో అక్కడే తెరిచి చూసుకోండి. ఈ రెండూ పోతే మిగతా పెట్టె అక్కరకి రాదు, ఎందుకంటే లెక్కంతా ఆ చెంచా మీద, ఆ చుక్క మీద నడుస్తుంది.

వాడే తీరు ఇలా. నల్ల కప్పులో తలకొట్టిన చెంచాడు పొడి వేసి, కొద్దిగా నీళ్లతో ముందు పల్చటి ముద్దలా చేసి, తర్వాత గీత దాకా నీళ్లు పోస్తూ గట్టిగా తిప్పాలి. సున్నం అడుగుకి దిగనివ్వాలి. తెల్ల కప్పులు ఆరింట్లో నూతి నీళ్లు పోయాలి, అంచుకి ఓ సెంటీమీటరు తక్కువగా. పైన తేరిన క్లోరిన్ నీటిని పిపెట్టుతో మొదటి కప్పులో 1 చుక్క, రెండోదాంట్లో 2, అలా ఆరోదాంట్లో 6 చుక్కలు వేసి, ఒక్కో కప్పుని దాని పుల్లతోనే కలపాలి. అరగంట ఆగాలి. ఆ అరగంట తగ్గించడానికి వీల్లేదు. నీళ్లలోని మురికి క్లోరిన్‌ని ఎంత తినాలో అంతా తినేశాక మిగిలిందే మనకి కావాలి. అప్పుడు ఒక్కో కప్పులో 3 చుక్కలు స్టార్చ్ అయొడైడ్ వేసి కలిపితే, మొదటి రెండు మూడు కప్పులు నీళ్లలాగే ఉండిపోయి, ఒక కప్పు దగ్గర్నుంచి నీలం తేలడం మొదలవుతుంది. స్పష్టంగా నీలమైన మొదటి కప్పు ఎన్నోది అయితే 455 లీటర్ల నీటికి అన్ని చెంచాల పొడి కావాలని లెక్క. మూడోది అయితే 3 చెంచాలు, 6 గ్రాములు.

ఇదంతా ఎందుకు, లెక్క ఉంది కదా అనేవాళ్లుంటారు. ఉంది: మంచి పొడి అయితే 1000 లీటర్లకి 2.5 గ్రాములు. 4 అడుగుల వరలు దింపిన నుయ్యి అనుకోండి. అడ్డం 1.2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు. అడ్డాన్ని అడ్డంతో గుణించి, 3.14తో, లోతుతో గుణించి, 4తో భాగించి, వెయ్యితో హెచ్చిస్తే సుమారు 3,390 లీటర్లు. ఆ సూత్రం ప్రకారం ఎనిమిదిన్నర గ్రాములు చాలు. అదే నూతిలో హారాక్స్ మూడో కప్పు నీలమైతే కావలసింది 45 గ్రాములు! ఈ అయిదింతల తేడా పొడి పాతబడ్డం వల్ల రావచ్చు, వాననీటితో దిగిన మురికి వల్ల రావచ్చు, రెండూ కావచ్చు. ఆ నూతి నీటితో, ఆ డబ్బాలోని పొడితో చేసే పరీక్ష కాబట్టి ఏ కారణమైనా పెట్టె కలుపుకునే చెబుతుంది. సూత్రానికి ఆ రెండూ తెలియవు.

పొడిని ప్యాకెట్టు చింపి నూతిలో గుమ్మరించడం ఎక్కువమంది చేసే తప్పు. సున్నం అడుగుకి దిగి నీళ్ల కఠినత్వం పెరుగుతుంది, క్లోరిన్ ఒకచోటే ఉండిపోతుంది. బకెట్టుకి 100 గ్రాములు మించకుండా పొడి వేసి, ముద్ద చేసి, ముప్పాతిక దాకా నీళ్లు పోసి కలిపి, 5 నుంచి 10 నిమిషాలు తేరనివ్వాలి. పై నీళ్లు ఇంకో బకెట్టులోకి వంచి, సున్నం బయట పారబోయాలి. తేరిన నీళ్లున్న బకెట్టుని గిలక తాడుకి కట్టి నీటిమట్టం కిందికి దించి, పైకీ కిందికీ, పక్కలకీ బాగా ఆడించాలి. ఆపైన గంట దాకా చేద వెయ్యకూడదు. రాత్రి అందరూ తోడుకోవడం అయ్యాక చేస్తే పొద్దుటికి ఇబ్బంది ఉండదు.

గంటయ్యాక నీళ్లలో మిగిలిన క్లోరిన్ చూడాలి. లీటరుకి 0.5 మిల్లీగ్రాము ఉంటే సరిపోయినట్టు, తగ్గితే మళ్లీ కలపాలి. దీనికి షాపుల్లో దొరికేవి రెండు రకాలు. ఆర్థోటాలిడిన్ సీసాతో వచ్చే పసుపురంగు కిట్టు చవక, కాకపోతే రంగు 10 సెకన్లలోపు చదవాలి. ఆలస్యమైతే మురికితో కలిసిపోయిన క్లోరిన్ కూడా పసుపు తెస్తుంది, నీళ్లు బాగున్నాయని మోసపోతాం. ఇనుము ఎక్కువున్న నీళ్లు అసలు క్లోరిన్ లేకుండానే పసుపు చూపిస్తాయి. కాబట్టి బ్లీచింగు కలపకముందు నీళ్లతో ఒకసారి చేసి చూసుకోవాలి. పైగా ఆ మందు విషం. పరీక్షించిన నీళ్లు నూతి గట్టు మీద పారబోయకండి, పిల్లలకి అందనివ్వకండి. డీపీడీ మాత్రలతో వచ్చే గులాబీరంగు కిట్టు ఖరీదెక్కువైనా మా ఓటు దానికే. దానికీ ఒక లోపం ఉంది: క్లోరిన్ మరీ ఎక్కువైతే గులాబీరంగు వచ్చినట్టే వచ్చి తెల్లబడిపోతుంది. అనుమానం వస్తే నమూనాకి క్లోరిన్ లేని మంచినీళ్లు పదింతలు కలిపి మళ్లీ చూడాలి.

వేసవిలో పూడిక తీయించేవాళ్లు ఈ భాగం తప్పక చదవాలి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య లండన్ శివారుల్లో ఇంటింటికీ కొళాయి, స్నానాల గది, వీధి కింద డ్రైనేజీ వచ్చేశాయి. దక్షిణపు శివారు క్రోయిడన్‌కి నీళ్లిచ్చే వాటిలో అడింగ్టన్ దగ్గర సుద్దరాతిలో తవ్విన లోతైన నుయ్యి ఒకటి. 1937లో అందులోకి మనుషులు దిగి మరమ్మతు చేస్తున్నప్పుడు వడపోత, క్లోరిన్ ఆపేశారు, నీళ్లు పంపడం మాత్రం ఆపలేదు. దిగినవాళ్లలో ఒకతను తనకి జబ్బు లేకపోయినా టైఫాయిడ్ క్రిముల్ని మోస్తున్న మనిషి. ఆ నీళ్ల ద్వారా టైఫాయిడ్ పాకి 43 మంది చనిపోయారు. నూతిలో పని జరుగుతోందన్న సంగతి ఆరోగ్యాధికారికి తెలియనే తెలియదని విచారణలో తేలింది. మన వీధిలో జరిగేదీ ఇదే. పూడిక తీసేవాళ్లు పైకి రాగానే అదే సాయంత్రం చేద వేస్తాం, నూతిలో పని జరిగిందని పక్కింటివాళ్లకి చెప్పం. పూడిక తీశాక 1000 లీటర్లకి 150 గ్రాముల లెక్కన, పైన చెప్పిన నూతికైతే అరకిలో, అయిదారు బకెట్లుగా కలిపి పోసి, కనీసం 12 గంటలు వదిలేయాలి. తర్వాత ఆ నీళ్లు తోడి పారబోసి, కిట్టుతో చూసి వాడుకోవాలి. బ్లీచింగు పోసిన నూతిలోకి ఏం జారిపడ్డా ఎవర్నీ దింపొద్దు. క్లోరిన్ గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది.

రోజూ కలపలేనివాళ్లకి జంట కుండ, అంటే ఒక కుండలో ఇంకో కుండ, మంచిది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించింది, కుమ్మరి చేతే చేయించుకోవచ్చు. లోపలి కుండకి పైభాగాన, బయటి కుండకి అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తున, సెంటీమీటరు చిల్లి ఉండాలి. కిలో పొడి, రెండు కిలోల ముతక ఇసుక కాస్త తడిపి, లోపలి కుండలో చిల్లికి 3 సెంటీమీటర్ల కింది దాకా నింపి, దాన్ని బయటి కుండలో పెట్టి, నీటిమట్టానికి మీటరు లోతున వేలాడదీయాలి. సన్న ఇసుక వేస్తే చిల్లి పూడుకుపోతుంది. 4,500 లీటర్ల ఇంటి నూతికి, రోజుకి 360 నుంచి 450 లీటర్లు తోడితే, రెండు మూడు వారాలు వస్తుంది. మోటారు పెట్టి పైన ట్యాంకు నింపే ఇళ్లకి ఇది చాలదు.

67 మిల్లీగ్రాముల క్లోరిన్ మాత్రలు బిందె నీళ్లకి: 20 లీటర్ల తేట నీటికి ఒకటి వేసి అరగంట ఆగాలి. 2018లో తిత్లీ తుపానుకి గజపతి జిల్లా మునిగినట్టు మళ్లీ మునిగితే, నూతిని శుభ్రం చేసుకునే దాకా ఇవే గతి. ఒక పట్టీ ఇంట్లో ఉంచుకోండి.

ఆ మాత్రలకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. స్టార్చ్ అయొడైడ్ ద్రావణం కొన్నాళ్లకి చచ్చిపోతుంది. అప్పుడు ఆరు కప్పులూ తెల్లగానే ఉండి, పొడి పాడైందేమో అనిపిస్తుంది. 20 లీటర్ల తేట నీటిలో ఒక మాత్ర కరిగించి, అందులోంచి ఒక తెల్ల కప్పుడు తీసి 3 చుక్కల ద్రావణం వెయ్యండి. నీలం వచ్చిందంటే ద్రావణం బాగానే ఉంది, లోపం పొడిదో నూతి మురికిదో అన్నమాట, పొడి మార్చి చూడాలి. రాలేదంటే ద్రావణం సీసా మార్చాలి. ఈ పరీక్ష ఆషాఢానికి ముందే చేసుకుంటే కొత్త సీసా తెప్పించుకోవడానికి వ్యవధి ఉంటుంది.