వాట్ మీటర్ రివ్యూ: కరెంటు ఎక్కడ పోతోందో చూపించే డబ్బా

ప్లగ్‌కీ వస్తువుకీ మధ్య పెట్టుకునే వాట్ మీటర్ కొనొచ్చా అని ఎవరైనా అడిగితే, కొనొచ్చనే చెబుతాను. కాకపోతే ఒక షరతు. అది కరెంటు ఆదా చేసే వస్తువు అనుకుని కొనకండి. కరెంటు ఎక్కడ పోతోందో చూపించడం వరకే దాని పని, ఆ తర్వాతి పని మనదే. మా ఇంట్లో ఆ చూపించడమే చాలా వాదనల్ని తెంచేసింది.

చూడ్డానికి అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. వెనక పిన్నులు, ముందు సాకెట్, దాని పైన చిన్న తెర. గోడ సాకెట్‌లో దీన్ని పెట్టి, ఫ్రిజ్ ప్లగ్గో టీవీ ప్లగ్గో దీనికి పెట్టాలి. బటన్ నొక్కుతూ పోతే వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో ఎంత వంతు పనికి వాడుతోందో చెప్పే అంకె), అప్పటిదాకా కాలిన యూనిట్లు వరసగా వస్తాయి. వీటిలో మామూలు మనిషికి కావలసినవి రెండే: ఈ క్షణంలో ఎన్ని వాట్లు, మొత్తం ఎన్ని యూనిట్లు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. అదే 10 వాట్ల వస్తువు ఏడాదంతా ఆగకుండా నడిస్తే 87 యూనిట్ల పైమాటే. ఈ రెండో లెక్క మనకెవరికీ తట్టదు. తెర మీద "10" అని కనిపిస్తే ఇంతేనా అనిపిస్తుంది.

మా మావయ్యగారికి ఛార్జర్లంటే అస్సలు పడదు. రాత్రి పడుకోబోయే ముందు గదిగదికీ వెళ్లి, ఫోను లేకుండా గోడకి వేలాడుతున్న ఛార్జర్ కనిపిస్తే చాలు, పీకేసి "ఊరికే కరెంటు తాగేస్తోందమ్మా" అంటారు. అందుకే మీటర్ రాగానే మొదట ఛార్జర్‌నే పెట్టాను. తెర మీద 0.0 అని వచ్చింది. "మీటరే పాడైందేమో చూడమ్మా" అన్నారాయన. పాడవలేదు. ఇప్పటి ఛార్జర్లు ఖాళీగా ఉన్నప్పుడు వాడేది వాట్‌లో చిన్న ముక్క, అంత తక్కువని ఈ మీటర్ పట్టలేదు. పోనీ 0.3 వాట్లనే అనుకుందాం. ఏడాది పొడుగునా గోడకే ఉన్నా రెండున్నర యూనిట్ల కంటే కాస్త ఎక్కువ, అంతే.

తర్వాత సెట్‌టాప్ బాక్స్ పెట్టాం. నడుస్తున్నప్పుడు 11 వాట్లు. రిమోట్‌తో ఆపితే ఎర్రలైటు వెలిగింది, అంకె 9కి దిగింది, అక్కడే ఆగిపోయింది. కాసేపు చూశాం, ఇంకా దిగుతుందేమోనని. దిగలేదు. లోపల ఛానెళ్లని పట్టుకునే ట్యూనర్ మేలుకునే ఉంటుంది, ప్రోగ్రామ్ గైడ్, అప్‌డేట్లు దించుకుంటూ ఉంటుంది. ఎర్రలైటు మన తృప్తి కోసం. ఆ 9 వాట్లు ఏడాదంతా ఉంటే 78 యూనిట్లు దాటుతాయి, అంటే ఛార్జర్‌కి వేసిన లెక్కకి ముప్పై రెట్లు. మావయ్యగారు ఛార్జర్లని వదల్లేదు కానీ, రాత్రి రౌండ్‌లోకి ఇప్పుడు సెట్‌టాప్ బాక్స్ స్విచ్చి కూడా చేరింది. గోడ దగ్గర స్విచ్చి ఆపేస్తే సున్నా. పొద్దున్న మళ్లీ వేసినప్పుడు బొమ్మ రావడానికి కొంచెం టైం పడుతుంది, దానికి మావారు సణుగుతారు.

టీవీ మాత్రం ఆశ్చర్యపరిచింది, అదీ మంచి వైపే. స్టాండ్‌బైలో, అంటే రిమోట్‌తో ఆపి గోడ స్విచ్చి అలాగే ఉంచినప్పుడు, 0.4 వాట్లు. స్టాండ్‌బైలో ఏ వస్తువూ ఒక వాట్ దాటకూడదన్న లక్ష్యాన్ని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ముందుకు తెచ్చింది. ఐరోపా సమాఖ్య దాన్ని నిబంధనగానే పెట్టి, 2013 నుంచి మామూలు స్టాండ్‌బైకి అర వాట్ హద్దు గీసింది. తయారీదారులు ఒక్కో మార్కెట్‌కి ఒక్కో రకం సర్క్యూట్ చేసుకుంటూ కూర్చోరు కాబట్టి, ఆ హద్దు ప్రభావం మిగతా చోట్ల అమ్మే టీవీల్లోనూ కనిపిస్తుంది. అందుకని పాత వస్తువులకి పనికొచ్చిన జాగ్రత్తలన్నీ కొత్తవాటికి వర్తిస్తాయని అనుకోవద్దు. కొలిచి చూస్తే తెలిసిపోతుంది.

ఈ మీటర్ అసలు ఉపయోగం ఫ్రిజ్ దగ్గర. ఫ్రిజ్‌ని ఒకసారి చూసి అంకె చెప్పేయడం కుదరదు. కంప్రెసర్ తిరిగినంతసేపు 120 వాట్లు, ఆగితే రెండు మూడు వాట్లు. కనీసం ఒక పూర్తి రోజు పెట్టి, మొత్తం యూనిట్లు చూడాలి. ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేచి చూస్తే, కంప్రెసర్ చప్పుడు లేదు, తెర మీద మాత్రం 190 వాట్లు! కాసేపు టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది డీఫ్రాస్ట్ హీటర్. మంచు పేరుకోని ఫ్రిజ్‌లన్నీ చేసే పనే ఇది: లోపలి కాయిల్ మీద పట్టిన మంచుని అప్పుడప్పుడూ వేడి చేసి కరిగించుకుంటాయి. తలుపు ఎంత ఎక్కువసేపు తెరిచి ఉంచితే అంత తేమ లోపలికి పోతుంది, దాంతో అంత మంచు. చల్లబరచడానికీ కరెంటే, చల్లబరిచినదాన్ని కరిగించడానికీ కరెంటే. ఈ సంగతి పుస్తకంలో చదివితే నాకు గుర్తుండేది కాదు, ఆ 190 మాత్రం గుర్తుండిపోయింది.

తలుపు రబ్బరు సంగతి కూడా అప్పుడే చూశాను. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే, కింది మూలలో ఏ పట్టూ లేకుండా జారి వచ్చేసింది. రబ్బరు మార్పించి, ఫ్రిజ్‌ని గోడకి కొంచెం దూరం జరిపాం. రోజు వాడకం 1.4 యూనిట్ల నుంచి 1.1కి వచ్చింది. ఇందులో రబ్బరు వాటా ఎంత, జరపడం వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను. రెండూ ఒకేసారి చేశాం.

ఈ మధ్య "పవర్ సేవర్" పేరుతో ప్లగ్‌లో పెట్టే డబ్బాలు అమ్ముతున్నారు కదా, పెడితే చాలు బిల్లు సగమైపోతుందని. మా పక్కింటావిడ ఒకటి కొన్నారు. "నీ దగ్గర మీటర్ ఉందటగా, చూసి చెప్పవా" అంటూ తెచ్చారు. మీటర్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్ తగిలించి, దానికి ఫ్రిజ్ పెట్టాం. 120 వాట్లు, 0.8 ఆంపియర్లు. పక్కనే ఆ డబ్బా కూడా పెట్టాం. దాని పచ్చలైటు వెలిగింది, ఆంపియర్లు 0.6కి పడిపోయాయి. ఆవిడ మొహం వెలిగిపోయింది. బటన్ నొక్కి వాట్లు చూపించాను: 121. తగ్గకపోగా పచ్చలైటు ఖర్చు అదనం.

విషయం ఏమిటంటే, ఆ డబ్బాలో ఉండేది ఒక కెపాసిటర్, కరెంటుని క్షణంసేపు దాచుకుని తిరిగి వదిలే చిన్న భాగం. మోటార్లు ఉన్న వస్తువులు కొంత కరెంటుని పని చేయించకుండానే తీసుకుని వెనక్కి పంపిస్తూ ఉంటాయి. కెపాసిటర్ ఆ రాకపోకల్ని అక్కడికక్కడే సర్దుతుంది, అందుకే ఆంపియర్లు తగ్గుతాయి, పవర్ ఫ్యాక్టర్ పెరుగుతుంది. పెద్ద ఫ్యాక్టరీలకి ఇది నిజంగానే అవసరం. కానీ ఇళ్ల మీటరు మామూలుగా లెక్కేసేది పనికి వాడిన కరెంటునే. అమ్మేవాళ్లు ఆంపియర్లే చూపించి మురిపిస్తారు, వాట్ల జోలికి వెళ్లరు. ఆవిడ అప్పటికప్పుడే దాన్ని వెనక్కి పంపించేశారు. ఈ ఒక్క పనికే మీటర్ ఖరీదు గిట్టుబాటు అయిందంటాను, కాకపోతే లాభం పక్కింటికి.

ఇక వేడినీళ్లు. కరెంటూ నీళ్లూ రెండూ ఒకేసారి పోయేది ఇక్కడే. వంద లీటర్ల నీళ్లు పది డిగ్రీలు వేడెక్కాలంటే 1.16 యూనిట్లు కావాలి. ఎంత గొప్ప కంపెనీ హీటరైనా, నీళ్లని నేరుగా కాయిల్‌తో కాచేదైతే అంతకంటే తక్కువలో చెయ్యలేదు. (హీట్ పంప్ రకం వేరు, అది బయటి గాలిలోని వేడిని లాక్కుంటుంది.) నిమిషానికి 9 లీటర్లు పోసే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 90 లీటర్లు. వాటిని పదిహేను డిగ్రీలు వేడి చేయడానికి ఒకటిన్నర యూనిట్ పైనే అవుతుంది. ఛార్జర్ ఏడాదంతా గోడకి వేలాడినా వాడే కరెంటు రెండు స్నానాల్లో దాటిపోతుంది! గోరంతల మీద గొడవపడుతూ కొండంతల్ని వదిలేయడమంటే ఇదే. ఈ లెక్క మా అబ్బాయికి చెప్పాను. స్నానం తగ్గలేదు కానీ, సబ్బు రుద్దుకునేటప్పుడు షవర్ కట్టేస్తున్నాడు.

కెటిల్‌దీ అదే కథ. అర లీటరు మరిగించడానికి మీటర్ 0.05 యూనిట్లు చూపించింది, ఒకటిన్నర లీటర్లకి 0.15. రెండు కప్పులు కావలసినప్పుడు కెటిల్ నిండా పోయడం మానేయడం తప్ప ఇందులో చేయగలిగేది ఏమీ లేదు. వాషింగ్ మెషిన్‌లో 60 డిగ్రీల ప్రోగ్రామ్‌కి యూనిట్ దగ్గరికొచ్చింది, చన్నీళ్ల ప్రోగ్రామ్‌కి 0.15 కూడా దాటలేదు. డ్రమ్ము తిప్పడానికి అయ్యే ఖర్చు అంత తక్కువ. మామూలు బట్టలకి మేము వేడినీళ్ల బటన్ ముట్టుకోవడం మానేశాం, మరకల్లో నాకేం తేడా కనిపించలేదు. తువ్వాళ్లకి, దుప్పట్లకి అప్పుడప్పుడూ వేడి వాడుతున్నాం.

మీటర్‌తోపాటు కుళాయి మూతికి బిగించే ఏరేటర్లు కూడా కొన్నాను, వాటి గురించి రెండు ముక్కలు. నీళ్లలో గాలి కలిపి ధార నిండుగా కనిపించేలా చేస్తాయి. లీటరు జగ్గు నిండడానికి ముందు ఐదు సెకన్లు పట్టేది, ఇప్పుడు పది. అంటే నిమిషానికి 12 లీటర్ల నుంచి 6కి వచ్చింది. చేతులు కడుక్కునే సింక్ దగ్గర, గిన్నెలు కడిగే చోట చాలా బాగుంది. బకెట్ నింపే కుళాయికి మాత్రం దండగ. బకెట్‌కి పట్టేన్ని నీళ్లు ఎలాగూ పట్టాల్సిందే, నిలబడే టైం రెట్టింపవుతుంది, అంతే. నీళ్లలో సున్నం ఎక్కువుంటే జాలీ మూసుకుపోతుంది. విప్పి కాసేపు వెనిగర్‌లో నానబెడితే మళ్లీ మామూలవుతుంది. ధార తగ్గితే కొన్ని ఇన్‌స్టంట్ హీటర్లు అసలు ఆన్ కావు, వాటికి కనీసం ఇంత ప్రవాహం ఉండాలని షరతు ఉంటుంది. బిగించే ముందు హీటర్‌తో వచ్చిన కాగితం ఒకసారి చూసుకోండి.

మళ్లీ మీటర్‌కొస్తే, దాని లోపాలు. తెరకి వెలుగు లేదు. మా ఫ్రిజ్ సాకెట్ ఫ్రిజ్ వెనకాలే ఉంది, అంకె చూడాలంటే ఫోన్ టార్చి పట్టుకుని గోడకి చెంప ఆనించాలి. చివరికి చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు వేసి ముందుకు తెచ్చుకున్నాను. కరెంటు పోతే లెక్క గుర్తుంచుకోవడానికి లోపల చిన్న బటన్ బ్యాటరీ ఉంది, అది అయిపోతే రెండు రోజుల లెక్క ఒక్క దెబ్బకి సున్నా అయిపోతుంది. బ్యాటరీ మార్చాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి. ఒకటి రెండు వాట్లు, అంతకంటే తక్కువ దగ్గర దాని మాట పెద్దగా నమ్మలేం, టీవీకి వచ్చిన 0.4 కూడా ఉజ్జాయింపే. అమ్మినవాళ్లకి రాస్తే "ఇది ఈ మోడల్‌లో మామూలే" అని జవాబొచ్చింది. మామూలే అయితే పెట్టె మీద వేయొచ్చు కదా!

ఇంట్లో కొలవాల్సినవన్నీ ఒకసారి కొలిచేశాక దీనికి పెద్దగా పనుండదు. అందుకే ఇంటికొకటి అక్కర్లేదు. మాది ఇప్పటికే రెండిళ్లు తిరిగింది. కొనేవాళ్లు మాత్రం వెలిగే తెర ఉన్నది, 16 ఆంపియర్ల వరకు తట్టుకునేది చూసుకోండి. అది తట్టుకుంటుందని రాసి ఉన్నా సరే, గీజర్‌కో రూమ్ హీటర్‌కో పెట్టి గంటలకొద్దీ వదిలేయకండి. చేత్తో ముట్టుకుంటే వేడిగా ఉందంటే తీసేయాలి.

సీలింగ్ ఫ్యాన్లకీ, గోడ బల్బులకీ ప్లగ్ ఉండదు కాబట్టి వాటిని ఇది కొలవలేదు. వాటికి ఇంటి మెయిన్ మీటరే గతి. ఎలక్ట్రానిక్ మీటరైతే దాని మీద మెరిసే చిన్న లైటు ఉంటుంది, పక్కన యూనిట్‌కి ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది. మాది 3200. అలాంటిదానికి 1125ని రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే ఆ క్షణం ఇంట్లో ఎన్ని వాట్లు నడుస్తున్నాయో వస్తుంది. 10 సెకన్లకి ఒకసారి మెరిస్తే 112 వాట్లు. మెరుపుల సంఖ్య వేరేగా ఉంటే 36 లక్షలని ఆ సంఖ్యతో భాగించి, 1125 బదులు అది వాడుకోవాలి. అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాన్ వేసి చూస్తే దాని లెక్క దొరుకుతుంది. మా హాల్లోని పాత ఫ్యాన్ 75, పడగ్గదిలోని కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే రకం మోటారు ఉన్నది) 30. రెండూ ఫుల్ స్పీడ్‌లోనే.