గేర్లు లేని బస్సు, మా నాయిన నడుము

నల్గొండ నుంచి ఎల్బీనగర్ దాకా ఎలక్ట్రిక్ బస్సులో తిరగబట్టి చాలా రోజులే అయింది. బ్యాటరీ ఎంత, ఛార్జింగ్ ఎంతసేపు, సీట్లెన్ని అనేవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒక్కటే. ఈ బస్సుకు గేర్లు లేవు. ఆ ఒక్క సంగతి మా ఇంటికి ఎంత పెద్దదో చెబుదామనే ఇదంతా.

మా నాయినది చండూరు దిక్కు పల్లె. పుట్టినప్పటి నుంచి బోరు నీళ్ళు తాగిన మనిషి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మా దిక్కు బోర్లలో అది ఎంత ఎక్కువ ఉండేదో జిల్లాలో బడికి పోనివాళ్ళకు కూడా తెలుసు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, మా పిల్లల పళ్ళకు గార లేదు. కానీ ఆ నీళ్ళు వచ్చేసరికే ఫ్లోరైడ్ వల్ల నాయిన వెన్నుపూస కర్రలా బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మెడ ఒక్కటే తిరగదు, భుజాలతో సహా మనిషంతా తిరగాలి. కొన్ని నెలలకోసారి హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆ ప్రయాణమంటే ఇంట్లో ముందురోజు నుంచే టెన్షన్.

డీజిల్ బస్సు కదిలేటప్పుడు ఒక కుదుపు, రెండో గేరుకు ఒకటి, మూడో గేరుకు ఇంకొకటి. మనకు అవి లెక్కలోకి రావు. తెలియకుండానే నడుము కొంచెం ఊగుతుంది, మెడ సర్దుకుంటుంది, దెబ్బ అక్కడికక్కడే పోతుంది. నాయిన ఒంట్లో ఊగే చోటే లేదు. సీటు నుంచి వచ్చిన కుదుపు వచ్చినట్టే పుర్రె దాకా పోతుంది. బస్సు ఆగి ఉన్నా ఇంజన్ అదురు మాత్రం సీట్లోంచి వస్తూనే ఉంటుంది. నార్కట్‌పల్లి చేరేలోపే ముందు సీటు రాడ్డు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పలకరిస్తే జవాబు ఉండేది కాదు. తిరిగొచ్చాక రెండు రోజులు మంచమే.

కారు పెట్టుకోమని చాలామంది సలహా ఇచ్చారు. ప్రతిసారీ కారు కిరాయి భరించే ఇల్లు కాదు మాది. పైగా కారు సీటు కిందికి ఉంటుంది. వంగి కూర్చోవడం, అందులోంచి లేవడం ఆయనకు ఇంకా కష్టం.

ఎలక్ట్రిక్ బస్సు మొదటిసారి ఎక్కినప్పుడు బస్సు బస్టాండు దాటి క్లాక్ టవర్ వైపు తిరిగింది. సందు సందుకీ ఆగుతూ కదులుతూ పోతుంటే నాయిన అడిగాడు: "బస్సు బందయిందా బిడ్డా?" లేదు నాయినా, నడుస్తనే ఉన్నదన్నాను. నమ్మలేదు. కిటికీలోంచి దుకాణాలు వెనక్కి పోవడం చూసి అప్పుడు ఊరుకున్నాడు. మోటరుకు కదిలే మొదటి క్షణం నుంచే పూర్తి బలం ఉంటుంది. అందుకని వేగాన్ని బట్టి గేరు మార్చే పని ఉండదు. ఆగిన చోటు నుంచి అరవై దాకా వేగం ఒకే తీరుగా పెరుగుతుంది. ఈ ముక్క ఎక్కడో చదివే ఉన్నాను. దాని విలువేమిటో మాత్రం నాయిన చేతులు రాడ్డు మీద నుంచి ఒళ్ళోకి వచ్చినప్పుడు తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన ఒక సంక్రాంతి సంగతి ఉంది. ఈ బస్సు మీద నాకు గట్టి నమ్మకం కుదిరింది ఆ రోజే. సోమవారం పొద్దున్నే డాక్టర్ దగ్గర ఉండాలి. అందుకని ఆదివారం సాయంత్రం బయలుదేరాం. పండగ ముగించుకుని ఆంధ్రా వైపు నుంచి హైదరాబాద్ తిరిగొచ్చే బండ్లన్నీ ఆ రోజే రోడ్డెక్కుతాయని తెలుసు, కానీ వేరే దారి లేదు. నార్కట్‌పల్లి దగ్గర జాతీయ రహదారి ఎక్కేదాకా బాగానే ఉంది. చిట్యాల దాటాక ఎదురుగా కనిపించినంత మేర ఎర్ర లైట్లే. పంతంగి టోల్‌గేట్ ఇంకా చాలా దూరం ఉంది. మూడు బారలు కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. డీజిల్ బస్సులో ఇదే జామ్‌లో ఇరుక్కుని ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. సగం క్లచ్ మీద ముందుకు దూకడం, బ్రేకు, మళ్ళీ దూకడం, అది కూడా గంటల తరబడి. మధ్యలో ఏ చౌటుప్పల్‌లోనో దింపేసి ఆ రాత్రికి ఎక్కడో ఒక గది చూసుకోవాల్సి వచ్చేది.

బస్సులో అందరి గుబులూ ఛార్జింగ్ గురించే. చంటిపిల్లతో ఉన్న ఒకామె డ్రైవర్ దగ్గరికే పోయి, "అన్నా, నడిమిట్ల ఛార్జింగ్ అయిపోతే మా గతేంది?" అని నిలదీసింది. ఆయన వెనక్కి తిరగకుండానే నిదానంగా చెప్పాడు: "నిలబడ్డప్పుడు మోటరు తిరగది అక్కా. లైట్లు, బ్రేకులకు గాలి పట్టే కంప్రెషరు, గంతే. ఇసొంటి జామ్‌ల డీజిల్ బండికే ఖర్చెక్కువ." విన్నవాళ్ళు కొంత కుదుటపడ్డారు. అయినా పక్క సీటు కుర్రాడు లేచి మీటరు చూసి వచ్చి, ఎంత ఉందో అందరికీ చెబుతూనే ఉన్నాడు.

నేను నాయిన వైపు చూసేసరికి ఆయన నిద్రపోతున్నాడు. బస్సులో నాయిన నిద్రపోవడం నేనెరిగి అదే మొదటిసారి. బస్సు కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది, మనిషి మాత్రం లేవలేదు. లోపల అదురు లేదు. మధ్యమధ్యలో కంప్రెషరు బుస్సుమనడం తప్ప చప్పుడు కూడా లేదు, వెనక సీట్లో ఎవరో ఫోన్‌లో మాట్లాడేది వినబడుతోంది. ఒక్కటే ఇబ్బంది పడ్డాం. మా బస్సుకు పొగ లేదు కానీ పక్కన నిలబడ్డ లారీలకు, బస్సులకు ఉంది. ఆ పొగంతా కిటికీల్లోంచి లోపలికే వచ్చింది. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే దగ్గు. తువ్వాల తడిపి నాయిన ముక్కు మీద కప్పాను.

ఎల్బీనగర్ చేరేసరికి నడిరాత్రి. దిగేముందు నేను కూడా మీటరు చూశాను. మామూలు రోజు కంటే కాస్తే తగ్గింది. తెల్లవారి నాయిన నా చెయ్యి అడగకుండా తానే మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. అంతసేపు రోడ్డు మీద గడిపిన మనిషి! ఫోన్‌లో అమ్మకు చెబితే, నువ్వు నా మనసు కోసం చెబుతున్నావంది.

ఆ పండగ తర్వాత కనబడిన చుట్టాలందరికీ ఈ బస్సు గురించి చెప్పాను. ఒక్క కుదుపు ఉండదు, పెద్దోళ్ళను ధైర్యంగా తీసుకుపోండి అని. ఇన్నాళ్ళ వాడకం తర్వాత ఆ మాటకు కొంచెం చేర్చాల్సింది ఉంది. గేరు కుదుపు లేదు, అది నిజం. కానీ ఈ బస్సులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, మోటరే జనరేటర్‌లా మారి కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపుతుంది, దాంతో బస్సు తగ్గిపోతుంది. కాలు మెల్లగా తీసే డ్రైవర్ చేతిలో అది తెలియనే తెలియదు. గబుక్కున తీసే డ్రైవర్ అయితే మనుషులంతా ముందుకు ఒరుగుతారు. ఏళ్ళ తరబడి డీజిల్ బండి నడిపిన కాలికి అలవాటు మారడానికి టైం పడుతుంది, అందులో వాళ్ళను అనేదేమీ లేదు. బయలుదేరడం కూడా అంతే. బలం ఒక్కసారిగా అందుతుంది కాబట్టి, పెద్దవాళ్ళు సీట్లో కూర్చునేదాకా డ్రైవర్ ఆగాలి. నేనైతే ఎక్కగానే, "అన్నా, ముసలాయన కూసునేదాక జర ఆగు" అని చెప్పేస్తాను. ఇప్పటిదాకా కాదన్నవాళ్ళు లేరు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం ఏ బస్సయినా ఒకటే.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మెట్లు. లోపల ఎంత హాయిగా ఉన్నా, ఎక్కడానికి ఆ ఎత్తు మెట్లు ఎక్కాల్సిందే. మోకాలు వంగని మనిషికి మొదటి మెట్టే కొండ. నేను కింది నుంచి ఎత్తాలి, పైన ఎవరైనా చంకలో చెయ్యివేసి లాగాలి. వెనక క్యూలో జనం తొందరపడుతుంటే నాయిన ముఖం చూడలేను.

మెట్లతో పని లేకుండా కూడా బస్సు ఎక్కొచ్చని నాకు సూరత్‌లో తెలిసింది. మా చిన్నాయిన కుటుంబం మగ్గం పని వెతుక్కుంటూ మా దిక్కు నుంచి పోయిన ఎన్నో కుటుంబాల లాగే అక్కడికి పోయి లింబాయత్‌లో స్థిరపడింది. పెళ్ళికని నాయినను తీసుకుపోయి కొన్నాళ్ళు ఉన్నాం. అక్కడ 2014లో ఉధనా దర్వాజా నుంచి సచిన్ దాకా మొదలైన బీఆర్‌టీఎస్ దారి, అంటే బస్సులకే విడిచిన దారి, ఇప్పుడు వంద కిలోమీటర్లు దాటింది, నగరం చుట్టుపక్కల పేటలకూ పోతుంది. అందులో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. రోడ్డు మధ్యలో బస్సుకు విడిగా దారి, ఆ దారిలోనే స్టేషన్. నాకు ఆ దారి కంటే స్టేషన్ అరుగు ఎక్కువ నచ్చింది. అరుగు ఎత్తు, బస్సు లోపలి ఎత్తు ఒకటే. తలుపు తెరుచుకోగానే నాయిన ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయినట్టు లోపలికి నడిచాడు. నా చెయ్యి వదిలేసి నడిచాడు. ఎల్బీనగర్‌లో మెట్రో కూడా ఇలాగే ఉంటుంది, లిఫ్టులో పైకి పోతే చాలు, అందుకే నగరం లోపల మేం దాన్నే పట్టుకుంటాం. కానీ ఆ మెట్రో దగ్గరికి చేరేదాకా చౌటుప్పల్, అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ ఇవన్నీ బస్సే మోయాలి. ఆ భాగంలో సూరత్ లాంటి దారి ఒకటి, అలాంటి అరుగులు నాలుగు ఉంటే, సంక్రాంతి ఆదివారం కూడా ఈ బస్సు టైంకే చేరేది, నాయిన తానే ఎక్కి తానే దిగేవాడు. మంచి మోటరును తెచ్చి లారీల మధ్య నిలబెట్టడం చూస్తే నాకు నిజంగా బాధనిపిస్తుంది. కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు కదా, వాటిలో శివార్లకు వచ్చేవన్నా మెట్లు లేనివి ఉండాలని కోరుకుంటున్నాను.

డబ్బుల సంగతీ చెప్పాలి. అమ్మ తోడు వస్తే లెక్క మారుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. మేం ఎక్కే ఎలక్ట్రిక్ సర్వీసుకు అది వర్తించదు. అమ్మకు ఈ ఖర్చు నచ్చదు. "మీరిద్దరు దాంట్ల పోండ్రి, నేను ఎక్స్‌ప్రెస్‌ల వస్త" అంటుంది, ఒకసారి అలాగే వచ్చింది కూడా. ఒంట్లో బాగున్న ఆడవాళ్ళు ఒక్కరే పోయేటట్టయితే ఆ టికెట్ డబ్బులు పెట్టుకుని ఇది ఎక్కమని నేను గట్టిగా చెప్పలేను. తొందర పనుల మీద పోయేవాళ్ళకు కూడా అంతే, ఈ బస్సు జామ్‌ను తప్పించుకుని ముందుగా చేరేదేమీ లేదు.

నడుము, మెడ, మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళను తీసుకుపోయేవాళ్ళకు మాత్రం, మా ఇంటి అనుభవాన్ని బట్టి, ఇదే ఎక్కమంటాను. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉండే సీట్లు అడిగి తీసుకోండి. వెనక చక్రం మీది సీటు, దాని వెనకాల వరస ఖాళీగా ఉన్నా వద్దు. పొద్దున మొదటి సర్వీసుకు పోతే ఎక్కించేటప్పుడు వెనక తోసేవాళ్ళు ఉండరు. పండగ తిరుగు ప్రయాణాల ఆదివారం పోక తప్పకపోతే, తడపడానికి ఒక తువ్వాల, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి.