రైలు కోసం వెళ్లేవాళ్లు అరకులో పడుకోకండి

కెకె లైను చూడాలని బయల్దేరేవాళ్లకు నాదొకటే మాట. రాత్రి బస అరకులో పెట్టుకోవద్దు, ఒడిశాలోని కోరాపుట్‌లో పెట్టుకోండి. ఈ సంగతి నాకు ఊరికే తెలియలేదు. 3,300 రూపాయలు పోసి తెలుసుకున్నాను. పైగా ఆ డబ్బుల మీద ఇంట్లో పంచాయితీ కూడా జరిగింది.

కెకె అంటే కొత్తవలస–కిరండూల్ లైను. రైలు పిచ్చి ఉన్న ఏ తెలుగువాడిని కదిపినా ఈ లైను గురించి అరగంట తక్కువ కాకుండా మాట్లాడతాడు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిలా కొండల్లో ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, అక్కణ్ణుంచి జపాన్‌కు ఓడల్లో పంపడానికి 1960లలో తూర్పు కనుమల్ని తొలిచి వేశారు. మనుషుల కోసం వేసిన లైను కాదిది. ఇప్పటికీ ఇక్కడ గూడ్సుదే పెత్తనం. మన పాసింజరు పక్క లైన్లోకి తప్పుకుని నిలబడుతుంది, మూడు ఇంజన్ల గూడ్సు దర్జాగా వెళ్లిపోతుంది. సామాన్య ప్రయాణికులు విసుక్కునేది అక్కడే. మాబోటివాళ్లు సంబరపడేదీ అక్కడే.

ఈసారి నాతో మా బావమరిది వచ్చాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మూడు రోజుల సెలవు. “బావా, ఎక్కడికైనా వెళ్లడానికి రైలెక్కుతారు గానీ, రైలెక్కడానికి ఎక్కడికైనా వెళ్తారా?” అన్నాడు బయల్దేరే ముందు. అయినా వచ్చాడు. అయితే రెండు షరతులు పెట్టాడు. విశాఖ నుంచి అరకు దాకా అద్దాల బోగీలోనే వెళ్లాలి, అరకులో రూమ్ తనే బుక్ చేస్తాడు. రెండో షరతు దగ్గర నేను ఇంకాస్త గట్టిగా మాట్లాడాల్సింది.

అద్దాల బోగీ అంటే 2017 ఏప్రిల్ నుంచి ఈ రైలుకు తగిలిస్తున్న విస్టాడోమ్. పైకప్పులో అద్దాలు, ఎటు కావాలంటే అటు తిరిగే సీట్లు. మనిషికి 670 అయింది. చిన్నపిల్లలున్నవాళ్లకు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు బాగానే ఉంటుంది, కాదనను. నాలాంటివాడికి మాత్రం ఏసీ బోగీలో అద్దాల వెనక కూర్చుని కొండ ఎక్కడం, పెళ్లి భోజనాన్ని వీడియోలో చూసినట్టే. బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. ఇంజను ఎంత కష్టపడుతోందో చెవికి తెలియాలి. సొరంగంలోకి వెళ్లగానే చల్లగాలి మొహానికి కొట్టాలి, బోగీ బోగీ అంతా పిల్లలు, పెద్దలు ఒక్కటై కేక పెట్టాలి. లైను పొడుగునా 58 సొరంగాలు. అద్దాల బోగీలో ఆ కేకలు కూడా మర్యాదగా వినిపిస్తాయి. ఫొటో తీద్దామంటే అద్దంలో ఎదుటి సీటాయన చొక్కా పడుతుంది. అదే రైల్లో స్లీపర్ టికెట్ 150 లోపే. కిటికీ రెక్క పైకెత్తుకుని కూర్చుంటే శివలింగపురం, టైడా, చిమిడిపల్లి ఒక్కొక్కటీ మన ఒళ్లోకే వస్తాయి.

బొర్రా గుహలు స్టేషన్లో సగం రైలు ఖాళీ అయిపోతుంది. గుహలు చూడ్డానికి దిగేవాళ్లలో చాలామందికి తెలియదు గానీ, వాళ్లు దిగిన రైలే ఆ గుహల నెత్తిమీదుగా పోతుంది. మేం దిగలేదు. బావమరిదికి దిగాలని ఉంది. వాడి మొహం చూసి ఒక్క క్షణం జాలేసింది కూడా.

అరకులో దిగి, భోజనం చేసి, మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని శిమిలిగుడ వెళ్లాం. రానూ పోనూ, అక్కడ రెండు గంటలు ఆగడానికీ కలిపి 600. ఈ యాత్రలో నేను పెట్టిన వాటిలో అత్యంత న్యాయమైన ఖర్చు ఇదే. శిమిలిగుడలో చూడ్డానికేముంది అంటారా? ఒక బోర్డు. సముద్ర మట్టానికి 996.32 మీటర్లు. కశ్మీర్ లోయలో రైలు తిరగడం మొదలైన 2008 దాకా దేశం మొత్తంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో ఎత్తైనది ఇదేనని చెప్పుకునేవాళ్లం. ఇప్పుడా కిరీటం పోయింది. దాంతో బోర్డు దగ్గర సెల్ఫీలు తగ్గి ప్లాట్‌ఫారం హాయిగా ఉంది.

స్టేషన్ మాస్టర్ గారి అనుమతి అడిగి బెంచీ మీద కూర్చున్నాం. “కాసేపుంటే లోడు బండి వస్తుందండీ, చూసి వెళ్లండి” అన్నారాయన, ఏదో పేరంటానికి పిలిచినట్టు. వచ్చింది. కిరండూల్ వైపు నుంచి ఎర్రమట్టి కొట్టుకుపోయిన వ్యాగన్లు, ముందు మూడు ఇంజన్లు. ఇక్కడి దాకా ఎక్కుడు, ఇక్కణ్ణుంచి విశాఖ దాకా దిగుడు. దిగేటప్పుడు ఈ కొత్తతరం ఇంజన్లు బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లయి కరెంటును తిరిగి పైనున్న తీగలోకి పంపిస్తాయి. ఇది చెబితే బావమరిది మొదటిసారి ఫోను పక్కన పెట్టి, “అంటే దిగే బండి కరెంటుతో ఎక్కే బండి నడవొచ్చా?” అని అడిగాడు. దగ్గర్లో ఉంటే నడవొచ్చు. కుర్రాడికి బుర్ర ఉంది. దాన్ని రూమ్ బుక్ చేసేటప్పుడు వాడలేదు, అంతే.

ఇక ఆ లాడ్జి. పేరు రాయను. అరకులో అలాంటివి ఇంకా ఉంటాయి కాబట్టి పేరు తెలిసినా పెద్ద ఉపయోగం లేదు. ఫోన్లో చెప్పింది 1,800, “రైల్వే వ్యూ రూమ్ సార్” అని. అడ్వాన్సు 500 పంపించాం. తీరా వెళ్తే కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే, “శనివారం రేటు 2,800” అన్నాడు. ఫోన్లో చెప్పినాయన ఎవరని అడిగితే, ఆయన ఊళ్లో లేడట. అడ్వాన్సు వెనక్కిమ్మంటే క్యాన్సిలేషన్‌కి తిరిగి రాదట. సీజన్లో శనివారం సాయంత్రం ఆరు దాటాక అరకులో ఇంకో గది దొరకడం కష్టమని మాకంటే వాడికి బాగా తెలుసు.

రైల్వే వ్యూ సంగతి చెప్పాలి. కిటికీ తీస్తే ఎదురుగా నీళ్ల ట్యాంకు. ట్యాంకుకీ పక్క గోడకీ మధ్య జానెడు సందు. ఆ సందులోంచి, తల బయటికి పెట్టి ఎడమకి వంచితే, విద్యుత్ తీగలు వేలాడే స్తంభం ఒకటి కనిపిస్తుంది. అదే వ్యూ. పట్టాలు కనపడవు. రాత్రి రెండు బళ్లు వెళ్లడం విన్నాను. ఏ ఇంజనో చూడలేకపోయినందుకు ఇప్పటికీ కడుపు మండుతోంది.

గీజరు ఉంది, స్విచ్చి లేదు. మెయిన్ కింద ఉంటుందట, ఎనిమిదికల్లా ఆపేస్తారట. వేణ్నీళ్లు బకెట్ 50. ఇద్దరికీ 100. రగ్గు ఒక్కటే ఇచ్చారు. రెండోది అడిగితే 100. అది ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే, అంతకుముందు కప్పుకున్నవాళ్లు బొంగులో చికెన్ తిన్నారని తేలిగ్గా చెప్పొచ్చు. వెనక ఖాళీ స్థలంలో క్యాంపు ఫైరు, దాని చుట్టూ డీజే. ఒంటిగంట దాకా మోగుతూనే ఉంది. కిందికి వెళ్లి అడిగితే, “అందరూ ఎంజాయ్ చేయడానికే వస్తారు కదా సార్” అన్నాడు, నేనేదో నేరం చేసినట్టు. పొద్దున ఎనిమిదిన్నరకే తలుపు కొట్టి ఖాళీ చేయమన్నారు. మా రైలు పదకొండుకి. బిల్లు దగ్గర పన్ను పేరుతో మరో 300. రసీదు అడిగితే ప్రింటరు పాడైందట. మొత్తం 3,300. బావమరిది స్టేషన్ దాకా నోరు విప్పలేదు. నేను మాత్రం విప్పాను, దారి పొడుగునా.

అదే పాసింజరు మళ్లీ పదకొండు ప్రాంతంలో వచ్చింది. అరకులో రైలంతా దిగిపోయింది, మేం ఎక్కాం. జనరల్ బోగీలో కాళ్లు చాపుకుని కూర్చున్నాం. ఇక్కణ్ణుంచి అవతల లైను ఎలా ఉంటుందో అరకులో దిగిపోయేవాళ్లకు ఎప్పటికీ తెలియదు. పర్యాటకులు లేరు, పల్లీల గోల లేదు. పీఠభూమి మీద వలిసెల పొలాలు, గొరాపూర్, పాడువా, మచ్కుండ్ రోడ్. ప్రతి స్టేషన్లోనూ సంత బుట్టలతో ఎక్కే దిగే ఆడవాళ్లు. పాత సొరంగం పక్కనే రెండో లైను కోసం తవ్విన కొత్త సొరంగాలు అక్కడక్కడా కనిపిస్తాయి. జంట లైను పూర్తయితే మన పాసింజరు ఇలా ఆగాగి వెళ్లే సుఖం పోతుంది. రైల్వేకి మంచిదే, నాకు కాదు.

కోరాపుట్‌లో దిగకుండా జైపూర్ దాకా పోయాం. అసలు మజా అక్కడుంది. కోరాపుట్ నుంచి జైపూర్‌కు రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు ఉండదు. రైలు మాత్రం మనబార్, జరటి, మాలిగుడ మీదుగా కొండల చుట్టూ తిరిగి తిరిగి దిగుతుంది. ఒక మలుపులో ఇంజను మన కిటికీలోకి తొంగిచూస్తుంది. ఘాట్ అంటే టైడా–బొర్రా ఒక్కటే అనుకునేవాళ్లు ఈ ముక్క చూడాలి. జైపూర్ నుంచి కోరాపుట్‌కు బస్సు 40 రూపాయలు. దారిలో ఒక స్టేషన్లో కెమెరా చూసి యూనిఫారం ఆయన ఒకడు పాకిస్తాన్ నుంచి వచ్చామేమో అన్నట్టు ప్రశ్నలడిగాడు. ఆధార్ చూపించాక ఫొటోలు చెరిపేయమన్నాడు. చెరిపేశాను. అంతకంటే చెప్పడానికేం లేదు. అడగకుండా తీయకండి, అడిగినా అందరూ శిమిలిగుడ మాస్టారు కారు.

కోరాపుట్‌లో గది 900. గీజరుకు స్విచ్చి ఉంది. రసీదు అడక్కుండానే ఇచ్చారు. రాత్రి చలి గట్టిగానే ఉంది, రగ్గులు రెండు. ఇలాంటివి మెచ్చుకోవాల్సిన సంగతులు కావు. కానీ ముందురోజు రాత్రి తర్వాత మాకు మహాప్రసాదంలా అనిపించాయి.

పొద్దున స్టేషన్‌కి వెళ్లే దారిలో ఒక ముసలామె అల్యూమినియం బిందె ముందు పెట్టుకుని కూర్చుంది. చోడి అంబలి, అంటే రాగి అంబలి. అక్కడివాళ్లు మండియా పేజ్ అంటారు, అడుగున అన్నం మెతుకులు కూడా ఉంటాయి. పెద్ద గ్లాసు 10 రూపాయలు. నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఎండుచేప పొడి కాస్త. నేను చిన్నప్పుడు తాగినదే, అంత పుల్లగా మాత్రం కాదు. బావమరిది వాసన చూసి ముందు మొహం తిప్పుకున్నాడు. నేను రెండో గ్లాసు పోయించుకుంటుంటే, “ఒక్క గుటక” అన్నాడు. ఆ గుటక మూడు గ్లాసులైంది. డబ్బులిస్తుంటే ఆమె, “ఆంధ్రా బాబులా?” అని తెలుగులోనే అడిగింది. పార్వతీపురం వైపు కూతుర్నిచ్చిందట. ఎండుచేప పొడి ఇంకాస్త కాగితంలో చుట్టి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. అరకులో 3,300కి దొరకని ఆతిథ్యం ఇక్కడ 50 రూపాయలకు దొరికింది.

రాయగడ దాకా హౌరా వెళ్లే సమలేశ్వరిలో స్లీపర్, మనిషికి 150. కోరాపుట్–రాయగడ లైను వయసులో కెకె కంటే చాలా చిన్నది, 1990లలో పూర్తయింది. దామన్‌జోడి దగ్గర నాల్కో అల్యూమినా కర్మాగారం కనిపిస్తుంది. అక్కణ్ణుంచి లక్ష్మీపూర్ రోడ్, టికిరి, సికర్‌పాయ్ అంటూ సొరంగాలు, ఎత్తైన వంతెనలు. నన్నడిగితే అందంలో కెకెకి ఏమాత్రం తీసిపోదు. ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల కన్ను ఇంకా పడలేదంతే. వానాకాలంలో మాత్రం రెండు లైన్లలోనూ కొండచరియలు విరిగిపడి బళ్లు మధ్యలోనే ఆపేస్తుంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లండి.

రాయగడ నుంచి విజయనగరం మామూలు ప్రయాణం. బొబ్బిలిలో సాలూరు వైపు చీలిపోయే పట్టాలు చూపించి, ఒకప్పుడు వాటి మీద రైలుబస్సు తిరిగేదని చెప్పాను. బావమరిది నిద్రపోతున్నాడు.

ఇంటికొచ్చాక లెక్కలు. టికెట్లు, ఆటో, బస్సు, కోరాపుట్ గది, తిండి అన్నీ చెరి సగం, పేచీ లేదు. లాడ్జి 3,300 కూడా ఉమ్మడి ఖాతాలోనే రాశాడు వాడు. బుక్ చేసింది నువ్వు కదా అన్నాను. “పడుకున్నది ఇద్దరం కదా బావా” అన్నాడు. ఇద్దరం పడుకోనే లేదన్నది నా వాదన. మా ఆవిడ ఇద్దరి మాటలూ ఓపిగ్గా విని, తమ్ముడి పక్షాన తీర్పిచ్చింది. 1,650 పంపించాను.