రోలప్ స్లిమ్ జిమ్ యాంటెన్నా: మాస్ట్ పెట్టుకోనివ్వని అపార్ట్‌మెంట్లకు పనికొస్తుందా?

మా అసోసియేషన్ వాళ్లు టెర్రస్ మీద మాస్ట్ (యాంటెన్నా నిలిపే స్తంభం) వద్దన్నారు. పిడుగు పడుతుందని ఒకరు, రేడియేషన్ అని ఇంకొకరు. డీటీహెచ్ డిష్‌లకు లేని అభ్యంతరం లైసెన్స్ తీసుకుని అభిరుచిగా నడిపే హ్యామ్ రేడియోకు ఎందుకో! చివరికి చిత్తూరులో ఒక సీనియర్ హ్యామ్ (హ్యామ్ రేడియో నడిపే వ్యక్తి) చేత్తో తయారుచేసే ఈ స్లిమ్ జిమ్ యాంటెన్నా తీసుకున్నాను. ధర రూ.900.

పాత టీవీలకు వాడిన 300 ఓమ్‌ల రిబ్బన్ వైరుతో చేశారు. పొడవు దాదాపు మీటరున్నర, చుట్టేస్తే చిన్న సంచిలో పడుతుంది. 144-146 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ట్యూన్ చేసి ఇచ్చారు, సోల్డరింగ్ శుభ్రంగా ఉంది. హ్యాండ్‌సెట్ రబ్బరు యాంటెన్నాతో తిరుపతి బైరాగిపట్టెడ నుంచి మాట్లాడితే రేణిగుంటలో మిత్రుడికి ముక్కలు ముక్కలుగా వినిపించేది. ఇప్పుడు అదే 5 వాట్లతో స్పష్టంగా అందుతోంది. గ్రిల్‌కు మాత్రం ఆనించి కట్టకండి, ఇనుము పక్కన ఉంటే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే శక్తిని చూపే కొలత, 1కి దగ్గరగా ఉంటే మంచిది) పెరుగుతుంది.

అసలు లోపం వానలో బయటపడింది. రిబ్బన్ తడిస్తే ట్యూనింగ్ తక్కువ ఫ్రీక్వెన్సీకి జారుతుంది. పొడిగా ఉన్నప్పుడు 1.3 చూపిన ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు వానలో 2 దాటింది. మనకు ఇది అవసరమయ్యేదే వానలో కదా! 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు మా వీధిలో కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ నిలకడగా లేదు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు భయపడ్డ రోజులవి. 2014లో హుద్‌హుద్‌కు విశాఖలో ఫోన్లు పనిచేయనప్పుడు హ్యాములు సమాచారం అందించారు. అలాంటి రోజుకు సిద్ధంగా ఉండాలనే నా తపనంతా.

అందుకే దీన్ని పీవీసీ పైపులో పెట్టి, రెండు చివరలూ మూసేశాను. పైపులో ఫ్రీక్వెన్సీ కొంచెం తగ్గుతుంది, మళ్లీ కొలిచి కాస్త కత్తిరించాలి. ఆ అన్న పైపుతో కలిపే అమ్మితే ఇంకో 200 ఇచ్చినా నష్టం లేదు.

శేషాచలం కొండల అవతల, రైల్వే కోడూరు వైపు మాత్రం దీనిమీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడికి 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కావాలి. సుమారు 20 మీటర్ల సన్నటి వైరు తక్కువ ఎత్తులో కట్టినా చాలు, సిగ్నల్ పైకి వెళ్లి, అయనోస్ఫియర్ (రేడియో తరంగాలను వెనక్కి పంపే పై వాతావరణ పొర) నుంచి తిరిగి కొండల అవతల దిగుతుంది. ఈ అనుమతుల గొడవ అమెరికాలోనూ ఉంది. అక్కడి రేడియో, టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1985లో ఇచ్చిన ఉత్తర్వు పీఆర్‌బీ-1 ప్రకారం స్థానిక ప్రభుత్వాలు హ్యామ్ యాంటెన్నాలకు తగిన వీలు కల్పించాలి. ప్రైవేట్ కాలనీ సంఘాల నిబంధనలకు అదీ వర్తించదు. అంటే మన గతే వాళ్లదీ.

ఆ 20 మీటర్ల వైరుకైనా ఒప్పుకోమని, లైసెన్స్ కాపీ జతచేసి అసోసియేషన్‌కు మళ్లీ అర్జీ ఇచ్చాను. మీ అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకుని ఉంటే, ఏ షరతులు పెట్టారో దయచేసి చెప్పండి.