ట్యాలీప్రైమ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ ఒక్క స్క్రీన్ దగ్గర ఆగండి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో పద్నాలుగేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మొదట ట్యాలీ ఈఆర్‌పీ 9 అనే లెక్కల సాఫ్ట్‌వేర్, ఇప్పుడు దాని తర్వాత వచ్చిన ట్యాలీప్రైమ్. దీని బిల్లింగ్ గురించి, జీఎస్టీ గురించి చాలామంది రాశారు. నేను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫోల్డర్ అడిగే స్క్రీన్ గురించే రాస్తున్నా. దాన్ని చూడకుండా దాటేసినందుకు పదకొండు రాత్రులు మిల్లులోనే ఉండాల్సి వచ్చింది.

పోయినేడు యాసంగి వడ్లు దిగే టైమ్. కాంటా దగ్గర లారీలు లైన్ కట్టినయ్. ఆ పొద్దున కంప్యూటర్ ఆన్ అయింది గానీ విండోస్ రాలేదు. టౌన్‌లో ఒక రిపేర్ షాపుకి పంపాం. ఆ పిల్లగాడు ఫోన్ చేసి, "అన్నా, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టాలె. డీలో ఉన్నవి ఏం పోవు" అన్నాడు. మా ఎక్సెల్ ఫైళ్లన్నీ డీలోనే ఉన్నాయి కదా అని సరే అన్నాను. సాయంత్రం ట్యాలీ తెరిస్తే కంపెనీల లిస్టు ఖాళీ. ట్యాలీలో కంపెనీ అంటే ఒక వ్యాపారం లెక్కలన్నీ ఉండే పుస్తకం లాంటిది.

మనం మార్చకపోతే ట్యాలీప్రైమ్ డేటా సీ డ్రైవ్‌లోనే, యూజర్స్‌లో పబ్లిక్ అనే ఫోల్డర్ కింద కూర్చుంటుంది. నాకది తెలియదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ నలభై రోజుల కిందటిది. ట్రక్ షీట్లు, కాంటా చీటీలు ముందేసుకుని ఒక్కొక్కటీ మళ్లీ ఎక్కించాను. ఊక దుమ్ము పట్టి కొన్ని చీటీల మీద అంకెలు కనపడవు, వాటిని ట్యూబ్‌లైట్ కింద వంచి చూసి రాసుకున్నా. సేటు ఒక్క మాట అనలేదు. రోజూ రాత్రి చాయ్ ఫ్లాస్కు టేబుల్ మీద పెట్టి పోయేవాడు. తిడితేనే నయం అనిపించేది.

ఈసారి ఇన్‌స్టాల్ నొక్కే ముందు కాన్ఫిగర్ తెరిచాను. ప్రోగ్రామ్ ఎక్కడ ఉండాలి, డేటా ఎక్కడ ఉండాలి అని రెండూ వేర్వేరుగా అడుగుతుంది. నాకు బాగా నచ్చింది ఇదే. ప్రోగ్రామ్‌ను సీలోనే, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే ఉంచాను. మా సీ డ్రైవ్ 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, తొందరగా తెరుచుకుంటుంది. డేటాను 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో, అంటే డీలో పెట్టాను. పెద్ద కంపెనీ తెరుచుకోవడానికి కొంచెం ఎక్కువ టైమ్ పడుతోంది, పరవాలేదు.

ప్రోగ్రామ్ కూడా డీలో వేస్తే పోదు కదా అని మా పక్క మిల్లు అకౌంటెంట్ అడిగాడు. దానివల్ల లాభం తక్కువ. విండోస్ మళ్లీ వేస్తే రిజిస్ట్రీ, అంటే ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ల వివరాలు విండోస్ రాసుకునే చోటు, కొత్తదవుతుంది, కాబట్టి డీలో ఫోల్డర్ ఉన్నా చాలా సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. ప్రోగ్రామ్ మళ్లీ దొరుకుతుంది, మన లెక్కలు దొరకవు. ఇంకో సంగతి: చాలా ఇళ్లల్లో సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద గీసిన భాగాలు. ఫార్మాట్ నుంచి డీ తప్పించుకుంటుంది గానీ డిస్కే పోతే రెండూ పోతాయి. అందుకే ప్రతి శనివారం ఆల్ట్ వై నొక్కి పెన్‌డ్రైవ్‌కి బ్యాకప్ తీసి సేటు ఇంట్లో పెడుతున్నా.

ఇప్పటికే సీలో వేసుకున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. ట్యాలీ మూసేసి, అంకెల పేరుతో ఉన్న కంపెనీ ఫోల్డర్‌ను డీలోకి కాపీ చేయండి. తర్వాత ట్యాలీ తెరిచి ఆల్ట్ ఎఫ్3 నొక్కి, స్పెసిఫై పాత్‌లో ఆ చోటు చూపించండి. అన్నీ సరిగ్గా కనపడ్డాకే పాతది తీసేయండి.

మొన్న దసరా ముందు విండోస్ మళ్లీ పాడైంది. సీ ఫార్మాట్ అయి వచ్చింది. ట్యాలీ వేసి డీ ఫోల్డర్ చూపిస్తే మూడు కంపెనీలూ లిస్టులో వచ్చేశాయి. ముందు రోజు ఎక్కించిన తౌడు బిల్లుతో సహా.