క్యాజువాలిటీయా, అంబులెన్సు సర్వీసా: విశాఖ డాక్టరుకు ఏది మేలు?

ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ పూర్తిచేసిన ఒక జూనియర్ మొన్న బీచ్ రోడ్డులో టీ తాగుతూ అడిగాడు: "సార్, ఆసుపత్రిలోనే ఉండిపోనా, అంబులెన్సు సర్వీసుకి మెడికల్ డైరెక్టరుగా వెళ్లనా?"

క్యాజువాలిటీలో చేసిన పనికి ఫలితం కళ్లముందే ఉంటుంది. ఊపిరాడక నీలంగా మారిన మనిషికి ట్యూబు వేస్తే నిమిషాల్లో రంగు తిరుగుతుంది. డాక్టరు చెయ్యి కూడా బాగా తిరుగుతుంది. నైట్ డ్యూటీలు, పేషెంటు తాలూకువాళ్ల కేకలు ఎలాగూ తప్పవు.

సర్వీసు నడిపేవాడికి పేషెంటు కనిపించడు. 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పటి నుంచీ మామూలుగా బండిలో వచ్చేది ఈఎంటీ (ఎమర్జెన్సీ వైద్యంలో శిక్షణ పొందిన టెక్నీషియన్), పైలటే. (డ్రైవరును పైలట్ అనడం నాకు ఇప్పటికీ ముచ్చటే.) డాక్టరు ఫోన్లో ఉంటాడు. అందుకే డైరెక్టరు రాసిపెట్టిన నియమమే అక్కడ వైద్యం. గాజువాకలో ఒకాయనకు పక్షవాతం వచ్చి మూతి వంకరపోయి చెయ్యి పడిపోయిందనుకోండి. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షను అది మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి, అదీ సీటీ స్కాను చూశాకే. దగ్గరుంది కదా అని స్కాను లేని నర్సింగ్ హోముకి తీసుకెళ్తే అక్కడొక గంట, మళ్లీ ఇంకో బండి, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్. "మూతి, చెయ్యి, మాట చూడు, తేడా ఉంటే స్కాను ఉన్నచోటికే పోనివ్వు, ముందే ఫోన్ చెయ్యి" అని ఈఎంటీలకు నేర్పించినవాడు ఆ చేతిని కాపాడినట్టే. ఆ పేషెంటుకి ఆయన పేరు కూడా తెలియదు.

2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ అనే విషవాయువు లీకైనప్పుడు వందలమంది ఒకేసారి పడిపోయారు. అలాంటి తెల్లవారుజామున ముందు ఎవరిని ఎక్కించాలి, కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) ఎందరిని, మిగతావాళ్లను ఎక్కడికి అన్నది తేల్చేవాడు కావాలి. వార్డులో ఎంత మొనగాడున్నా రోడ్డు మీద లెక్క తప్పితే కష్టమే.

అయితే ఆ కుర్చీలో డీజిలు బిల్లులు, ఆక్సిజన్ సిలిండర్లు, మీటింగులే ఎక్కువ. టెండరు మారితే నడిపే సంస్థే మారిపోతుంది. అన్నిటికన్నా నాకు భయం, చేతులు తుప్పుపట్టడం.

అందుకే ఐదేళ్లు క్యాజువాలిటీలోనే ఉండమన్నాను. తను ఎన్నడూ చెయ్యని పని చెప్పే డాక్టరు మాట ఈఎంటీలు వినరు. పాడేరు వైపు డోలీల మీద మోసుకొచ్చే ఊళ్ల మీద మనసుంటే మాత్రం అంతకాలం ఆగక్కర్లేదు, అక్కడ బండి చేరడమే సగం వైద్యం. ఎప్పుడు చేరినా వారానికి రెండు షిఫ్టులు వార్డులో చేస్తానని ముందే రాయించుకోవాలి. దానికి ఒప్పుకోని సంస్థ జీతం ఎంత ఇస్తానన్నా వద్దన్నాను.