ఫాతిమానగర్ కేథడ్రల్‌కి మొదటిసారి పోయేటోళ్లకు నా రివ్యూ

కాజీపేట నుంచి హన్మకొండ వస్తుంటే ఫాతిమానగర్‌ల ఉన్న కేథడ్రల్ మన దగ్గర అందరికీ తెల్సిందే, కానీ లోపలికి పోదామంటే మాత్రం మస్తు మందికి భయం, బయటోళ్లను రానిస్తరా, ఏ మతం అని అడుగుతరా, ఊకె పోయి కూసుంటే ఏమన్నా అనుకుంటరా అని. మా ఆఫీసుల ఒక అక్క క్యాథలిక్, ఆమెతోని ఆదివారం పూజకు పోతుంట కాబట్టి రాస్తున్న. రానిస్తరు. టికెట్ లేదు, పేరు రాసుకునుడు లేదు, ఎవరూ ఏం అడగరు. నా తరఫున ఐదు స్టార్లు.

వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం, 1952ల ఏర్పడింది, దానికి మొదటి బిషప్ ఇటలీ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా. బిషప్ గారి పీఠం ఉండే చర్చినే కేథడ్రల్ అంటరు. ఇంకో మాట, మెదక్ చర్చి చూసినం, ఇది కూడా అట్లనే ఉంటది అనుకుంటరు గదా, మెదక్‌ది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ వాళ్లది, క్యాథలిక్ కాదు, పద్ధతులు వేరే. క్యాథలిక్ చర్చిల మరియమాత స్వరూపం ఉంటది, ఫాదర్ పూజ చేసే బల్ల దగ్గర సత్ప్రసాదం, అంటే పూజల ఇచ్చే గోధుమ అప్పం, భద్రపరిచే చిన్న పెట్టె ఉంటది, దాని పక్కన దీపం ఎప్పుడూ వెలుగుతనే ఉంటది, వచ్చినోళ్లు దాని వైపు మొక్కి కూసుంటరు. మీకు నమ్మకం లేకపోతే మొక్కకున్నా ఏం కాదు, నిమ్మళంగ పోయి కూసోండి.

పది నిమిషాలు ముందు పోయి మధ్యల గానీ వెనక గానీ కూసోండి, ముందట కూసుంటే ఎప్పుడు లేవాల్నో ఎప్పుడు కూసోవాల్నో చూసుకునేందుకు ఎదురుంగ మనిషి ఉండడు. పూజ గంట పైన పడుతది. మొదట్ల తప్పులకు క్షమాపణ అడుగుడు, తర్వాత బైబిల్ పఠనాలు, సువార్త చదివేటప్పుడు అందరు లేస్తరు, తర్వాత ఫాదర్ ప్రసంగం. మోకాళ్ల మీద ఉండేటప్పుడు మీకు చాతకాకపోతే కూసుండొచ్చు, పెద్దోళ్లు మస్తు మంది కూసునే ఉంటరు. జవాబులు రాకపోయినా ఫర్వాలేదు. నా పక్కన కూసున్న ఒక ముసలమ్మ పాటల పుస్తకం నా వైపు జరిపి ప్రతి లైను కింద వేలు పెట్టి చూపెట్టుకుంట పాడింది, ఆమెకు పుస్తకంతోని పనే లేదు, పాటలన్నీ నోటికే వచ్చు, నా కోసమే పట్టుకున్నది.

ఇదంత తెలుగుల జరుగుతది. 1962 నుంచి 1965 దాకా రోమ్‌ల క్యాథలిక్ బిషపుల రెండో వాటికన్ మహాసభ అయింది, దాని నిర్ణయంతోనే పూజ మన భాషల్లకు వచ్చింది, అంతకు ముందు లాటిన్ల ఉండేది. 1969ల ఇండియా చర్చికి మన పద్ధతులు కొన్ని వాడుకునేందుకు రోమ్ ఒప్పుకున్నది, అందుకే కొన్ని చోట్ల చెప్పులు బయట విడుచుడు, హారతి ఇచ్చుడు కనపడ్తయి, శాంతి చెప్పుకునేటప్పుడు చేతులు జోడించి దండం పెడ్తరు. మీకు కూడా పెడ్తరు, తిరిగి పెట్టండి, నాకైతే పూజ మొత్తంల అదే మస్తు నచ్చింది.

ఇగ అసలు ముచ్చట సత్ప్రసాదం. ఫాదర్ గోధుమ అప్పం పైకెత్తి చూపిస్తడు, గంట కొడ్తరు, తర్వాత జనం లైను కడ్తరు. మీరు ఆ లైన్ల నిలబడి తీసుకోవద్దు. అది గుడిల ప్రసాదం లెక్క వచ్చినోళ్లందరికీ పంచేది కాదు, అది నిజంగా క్రీస్తు శరీరమే అని వాళ్ల విశ్వాసం, జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకొని, దాని కోసం తయారైనోళ్లే తీసుకుంటరు, దానికి గంట ముందు నుంచి ఏం తినరు గూడ. లేవకుండ మీ సీట్ల కూసుంటే సరిపోతది, ఎవరూ తప్పు పట్టరు. ఇది చెప్పేటోళ్లు ఉండాలె. ఇంకో చర్చిల, పేరు ఎందుకు గానీ, మా దోస్తు తెల్వక లైన్ల పోతే అందరి ముందటనే వెనక్కి పంపిచ్చిన్రు, పాపం పిల్ల మళ్లీ ఏ చర్చికీ పోలే. తలుపు దగ్గర ఒక చిన్న బోర్డు పెడితే ఏం పోతది? ప్రతి చర్చిల పెట్టాలె అని గట్టిగ అంటున్న.

కానుకల సంచి వచ్చినప్పుడు వేస్తే వేయండి, లేకుంటే పక్కకు జరపండి. పూజ నడిచేటప్పుడు ఫోటోలు, వీడియోలు వద్దు, ఫోను సైలెంట్ల పెట్టండి. ఆడోళ్లు చున్నీ గానీ కొంగు గానీ తలమీద వేసుకునేటోళ్లు ఎక్కువ, తప్పనిసరి కాదు.

మా ఇంట్ల అడిగిన పెద్ద భయం, ఒకసారి పోతే మతం మారుస్తరా అని. పెద్దోళ్లు క్యాథలిక్ కావాలంటే నెలల తరబడి నేర్చుకోవాలె, జ్ఞానస్నానం ఎక్కువ శాతం ఈస్టర్ ముందు రాత్రి పూజల ఇస్తరు, ఆదివారం పోయి వెనక కూసున్నోళ్లను పట్టుకొని ఇచ్చేది కాదు.

మొదటిసారి అయితే క్రిస్మస్ రాత్రి పోకండి, జనంల నిలబడే జాగ కూడా దొరకదు, ఏం అర్థం కాదు. గుడ్ ఫ్రైడే నాడు అసలు పూజే ఉండదు, సిలువ మార్గం అని యేసు సిలువ మోసిన దారిని తల్చుకునే ప్రార్థన, సిలువకు మొక్కుడు లాంటివి ఉంటయి. మామూలు ఆదివారం చూస్కొని, టైము అక్కడ ఆఫీసుల అడిగి పోండి, పూజ అయినంక ఫాదర్ బయట నిలబడి మాట్లాడుతుంటే మీ డౌట్లు ఏమున్నా మొహమాటపడకుండ అడగండి.